సూపర్‌చార్జర్ బోటుకు ఫ్యూయల్ పంపు ఎంచుకోవడం

సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) ఉన్న పెట్రోల్ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 300 గ్రాములు తాగుతుంది. అంటే 600 హార్స్‌పవర్‌కు 180 కిలోలు, దాదాపు 243 లీటర్లు. దానికి 20 శాతం కలిపి గంటకు 290 లీటర్లు పోసే పంపు చూడండి.

డబ్బా మీది అంకెను మాత్రం నమ్మొద్దు. అది తక్కువ ప్రెషర్‌లో కొలిచింది కావచ్చు. ఇంజెక్షన్‌కు 43 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత), బూస్ట్, అంటే సూపర్‌చార్జర్ తోసే గాలి ఒత్తిడి, 8 అయితే, రెండూ కలిపి 51 పీఎస్‌ఐ దగ్గర, 13.5 వోల్టుల్లో ఎంత పోస్తుందో చార్టులో చూడాలి. ఫ్యూయల్ ప్రెషర్‌ను అదుపుచేసే రెగ్యులేటర్‌కు బూస్ట్ గొట్టం కలపకపోతే మిశ్రమంలో పెట్రోల్ తగ్గి పిస్టన్ కరుగుతుంది.

కారు పంపు చవకే, కానీ వద్దు: ఇంజిన్ గదిలో పెట్రోల్ ఆవిరి నిలుస్తుంది, ఆ పంపు నుంచి ఒక్క నిప్పురవ్వ వస్తే చాలు, అంటుకుంటుంది. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనల ప్రకారం పంపు ఇంజిన్ మీదో, 12 అంగుళాల లోపో ఉండాలి. ఇంజిన్ ఆగితే అదీ ఆగాలి. టాంకు దగ్గరి యాంటీ సైఫన్ వాల్వు (గొట్టం తెగితే పెట్రోల్ దానంతటదే కారిపోకుండా ఆపేది) ఇరుకైనదైతే ఎంత పెద్ద పంపుకైనా పెట్రోల్ చాలదంతే.