వైన్ రకాలను గుర్తుపట్టడం ఎలా?

తెలుగునాట ఊరూరా ‘వైన్స్’ అనే బోర్డు కనిపిస్తుంది. లోపలికి వెళితే మాత్రం విస్కీ, బీరు సీసాల వెనక అసలు వైన్ ఏ మూలనో దుమ్ముపట్టి ఉంటుంది. మహారాష్ట్రలో ఉన్న మా బల్లార్షాలో అదీ చాలాకాలం లేదు. 2015 నుంచి 2021 దాకా చంద్రపూర్ జిల్లా అంతటా మద్యనిషేధం. అది ఎత్తేశాక, నాసిక్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఒక రెడ్ వైన్ సీసా తెచ్చి ఇచ్చాడు. భద్రంగా బీరువా మీద పెట్టాను. అప్పుడు మే నెల. కొన్నాళ్లకు చూస్తే బిరడా సగం పైకి తన్నుకొచ్చి, సీసా మెడ చుట్టూ జిగురు కట్టింది. రుచి చూస్తే ఉడికిన ద్రాక్షలో చింతపులుసు కలిపినట్టుంది. “దీన్ని పాలప్యాకెట్టులా చూసుకోవాలి మామయ్యా, బీరువా మీద పెడతారా?” అని మావాడు నవ్వాడు.

కాబట్టి సీసా కొనకముందే కొంత తెలుసుకోండి. ఇప్పపువ్వును పులియబెట్టి, కాచి, ఆ ఆవిరిని చల్లార్చితే సారా వస్తుంది. విస్కీదీ అదే తెగ. కల్లు అలా కాదు, అది పులుస్తుందే తప్ప దాన్ని ఎవరూ కాచరు. వైన్ కల్లుకు చుట్టం. ద్రాక్షలోని చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది, అంతే. అందుకే మామూలు వైన్‌లో ఆల్కహాల్ 11 నుంచి 14 శాతం దాకా ఉంటే, మన దేశపు విస్కీలో 42.8 శాతం ఉంటుంది. వైన్‌లో సోడా, నీళ్లు కలపనక్కర్లేదు.

ఇక రంగు సంగతి. ఒక నల్లద్రాక్షను తొక్క ఒలిచి చూడండి. లోపలి గుజ్జు లేత ఆకుపచ్చగా ఉంటుంది, రంగంతా తొక్కలోనే. తొక్కలతో సహా పులియబెడితే రెడ్ వైన్, రసం పిండి తొక్కలు తీసేశాక పులియబెడితే వైట్ వైన్. తొక్కలను కొన్ని గంటలు మాత్రమే రసంలో ఉంచి తీసేస్తే గులాబీ రంగు దిగుతుంది, దాన్ని రోజే అంటారు.

రంగుకంటే ముఖ్యం నాలుక. వంటింట్లో మూడు గ్లాసులు పెట్టుకోండి. ఒకదానిలో పాలు, చక్కెర లేకుండా పావుగంట నానిన టీ డికాక్షన్. రెండోదానిలో ఉత్త నిమ్మనీళ్లు. మూడోదానిలో అవే నిమ్మనీళ్లలో రెండు చెంచాల చక్కెర. టీ గుక్క పుచ్చుకుంటే వక్క నమిలినట్టు చిగుళ్లు బిగుస్తాయి. ఆ వగరే టానిన్. తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది కాబట్టి రెడ్ వైన్‌లో ఎక్కువ. నిమ్మనీళ్లకు నోట్లో నీరూరుతుంది. వైట్ వైన్‌కు ప్రాణం ఆ పులుపే. మూడో గ్లాసులో పులుపు అంతే ఉన్నా తీపి దాన్ని కప్పేస్తుంది. సీసా మీద ‘డ్రై’ అని ఉంటే చక్కెర దాదాపు లేదని అర్థం. వగరు, పులుపు, తీపి విడివిడిగా తెలిస్తే సగం చదువు అయినట్టే.

ఇప్పుడు కొనడానికి వెళ్లండి. మహారాష్ట్రలో మద్యానికి పర్మిట్ ఉండాలన్నది 1949 నాటి చట్టం. వైన్‌గంగా అవతలి గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి నిషేధం అమల్లో ఉంది, సీసాతో ఆ నది దాటకండి. (పేరులో తప్ప ఆ గంగకు వైన్‌తో పనిలేదు.) లేబుల్ మీద ద్రాక్షజాతి పేరు వెతకండి. కాబెర్నే సావిన్యాన్ అయితే వగరు గట్టిగా ఉంటుంది. షిరాజ్‌లో మిరియాల వాసన తగులుతుంది. మెర్లో కాస్త మెత్తన. వైట్‌లో సావిన్యాన్ బ్లాంక్‌కు పచ్చిగడ్డి వాసన, చురుకైన పులుపు. చెనిన్ బ్లాంక్ మన దగ్గర తరచు కొంచెం తీపితో దొరుకుతుంది. రెడ్ అయితేనే అసలైన వైన్ అనుకుని దానితో మొదలుపెట్టి, మొహం చిట్లించి మానేసినవాళ్లను చాలామందిని చూశాను. నన్నడిగితే మొదటి సీసా చెనిన్ బ్లాంకే. విదేశీ సీసా కోసం వెతకనక్కర్లేదు. 1999లో నాసిక్‌లో మొదలైన వైన్ కంపెనీ సులా ఉంది, షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి ఉంది. ఐరోపాలో ద్రాక్ష కోతలు సాధారణంగా సెప్టెంబరు ప్రాంతంలో జరిగితే, ఇక్కడ చలి తగ్గకముందే, జనవరి నుంచి మొదలవుతాయి.

బుడగల వైన్‌ను స్పార్క్‌లింగ్ అంటారు. మూసిన సీసాలోనే రెండోసారి పులియబెడితే అప్పుడు పుట్టే వాయువు బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది. షాంపేన్ ఇలా చేసేదే. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో తయారైతేనే ఆ పేరు పెట్టాలి. దాని సీసాలో ఒత్తిడి కారు టైరుకు రెండింతలు పైమాటే. అందుకని తీసేటప్పుడు బిరడాను గట్టిగా పట్టుకుని సీసాను తిప్పండి, ఎవరి ముఖం వైపూ పెట్టవద్దు. పోర్ట్ అనే తీపి వైన్ సంగతి వేరు. పులిసే మధ్యలోనే ద్రాక్ష సారా పోసి ఈస్ట్‌ను చంపేస్తారు, తినకుండా మిగిలిన చక్కెర తీపిగా ఉండిపోతుంది. ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటుంది. అసలు పోర్ట్ పోర్చుగల్‌లోని డోరో లోయది. ఆ పేరుతో మన దగ్గర చవకగా దొరికే తీపి సీసాను చూసి దాన్ని అంచనా వేయకండి.

చల్లదనం దగ్గరే మనవాళ్లు బోల్తాపడతారు. రెడ్ వైన్‌ను గది వేడిమిలో తాగాలంటారు. ఆ గది చలిదేశపుది, 45 డిగ్రీలు దాటే చంద్రపూర్‌ది కాదు. రెడ్‌కు 15 నుంచి 18 డిగ్రీలు చాలు. తాగేముందు అరగంట, వేసవిలో ఇంకా ఎక్కువసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. వైట్, రోజేలకు 8 నుంచి 12 డిగ్రీలు, అంటే రెండు మూడు గంటలు. స్పార్క్‌లింగ్ ఇంకా చల్లగా ఉండాలి.

గ్లాసులో మూడోవంతే పోయండి. మెల్లగా తిప్పి వాసన చూసి, చిన్న గుక్క తీసుకుని నోరంతా తిరగనివ్వండి. పక్కన నాగపూర్ వైపు బాగా కారంగా చేసే సావజీ మటన్ ఉంటే వగరు రెడ్ జోలికి పోవద్దు. టానిన్, ఆల్కహాల్ కలిసి కారాన్ని ఇంకా మండిస్తాయి. ఆ మంట మీద చల్లటి రోజే, కాస్త తీపి చెనిన్ బ్లాంక్ హాయిగా ఉంటాయి. 750 మిల్లీలీటర్ల సీసా అయిదు గ్లాసులు. ఒక్కరోజులో అవ్వగొట్టాలని లేదు. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది, ఆ తర్వాత పులుపు తిరిగితే మటన్ నానబెట్టడానికి వాడేయండి.