బోర్డో వైన్ కొని దాచేవారికి: పేరు కన్నా పెట్టె పుట్టుపూర్వోత్తరాలు ముఖ్యం

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో వేల తోటలు వైన్ తీస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ధర పెరిగేవి వాటిలో చాలా కొద్ది. 1855లో వేసిన శ్రేణుల జాబితాలో మొదటి శ్రేణివి ఇప్పుడు ఐదు: లాఫీట్, లాటూర్, మార్గో, ఓ బ్రియాన్, 1973లో పై మెట్టెక్కిన ముటాన్. వీటిని ఎప్పుడైనా అమ్ముకోవచ్చు, కాకపోతే ధర ఎక్కువ. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవారు లించ్ బాజ్ లాంటి వాటిని చూడాలి. జాబితాలో అది ఐదో శ్రేణే, కానీ సంతలో దాని మాట అంతకన్నా చాలా చెల్లుతుంది. జాబితా ఒక్కటే చూసుకుంటే పెట్రూస్ కూడా కనబడదు. అది బోర్డోలోనే పొమెరోల్ అనే చోటిది, అక్కడ శ్రేణులే లేవు.

తర్వాత చూడాల్సింది పంట ఏడాది. 1982, 2000, 2005, 2009, 2010, 2016 పేరున్న పంటలు, 2013 బలహీనమైనది. అయితే మంచి పంట అంటే మంచి బేరమని కాదు. 2010 వైన్‌ను పీపాలో ఉండగానే భారీ ధరకు కొన్న చాలామంది, 2011 తర్వాత ధరలు పడిపోయి ఏళ్ల తరబడి నష్టంలో ఉండిపోయారు. అలా పీపాలో ఉండగా కొనడాన్ని ఆన్ ప్రీమర్ అంటారు. కోత తర్వాతి వసంతంలో డబ్బు కట్టాలి, సీసాలు వచ్చేసరికి దాదాపు రెండేళ్లు. ఈలోగా వ్యాపారి దివాలా తీస్తే మీ చేతిలో మిగిలేది రసీదే. అదే తోటవి, ఇప్పటికే సీసాల్లోకి వచ్చిన పాత పంటలు ఇప్పుడు ఎంత పలుకుతున్నాయో పోల్చి చూడండి. తేడా గట్టిగా లేకపోతే ముందే కొనకండి. లాటూర్ అయితే 2012లోనే ఈ పద్ధతి వదిలేసింది.

ఇక అసలు సంగతి నిల్వ. 12 నుంచి 14 డిగ్రీలు, 70 శాతం దరిదాపుల్లో తేమ, చీకటి, కదలిక లేని చోటు, సీసా అడ్డంగా పడుకోవాలి. కాస్త ఎక్కువ వేడి స్థిరంగా ఉండటం కన్నా వేడి, చలి మారుతూ ఉండటమే ప్రమాదం. వేడెక్కితే వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, చల్లారితే లోపలికి గాలి పీలుస్తుంది. ఉబ్బిన బిరడా, మూత కింద జిగట చార కనిపిస్తే ఆ సీసా వద్దు. వంటింటి ఫ్రిజ్ అసలు పనికిరాదు: గాలి పొడిబారి బిరడా ఎండుతుంది. పెట్టుబడికి కొన్నవాటిని సుంకం కట్టకుండానే ఉంచే బాండెడ్ గోదాములో, మీ పేరు మీద, పెట్టె నంబరుతో ఉంచడమే మేలు. ఇంట్లో దాచినదానికి ఎంత బాగా చూసుకున్నా కొనేవాడు తక్కువే ఇస్తాడు, ఎందుకంటే రుజువు లేదు.

పాత సీసా కొనేటప్పుడు వైన్ ఎక్కడి వరకు ఉందో చూడండి. ఇరవై ఏళ్లదానికి మెడ అడుగు వరకు ఉంటే చాలా మంచిది, ముప్పై దాటితే భుజం పైభాగం వరకు ఫరవాలేదు, భుజం మధ్యకు దిగితే అనుమానించండి. యాభై ఏళ్ల సీసా మెడ నిండా ఉన్నా అడగాల్సిందే: బిరడా మార్చి నింపారా, లేక నకిలీయా? నకిలీల కథ చిన్నది కాదు. ఫ్రాన్స్‌లోనే మరో వైన్ ప్రాంతమైన బర్గండీకి చెందిన పోన్సో తోట పేరుతో, 1945 నుంచి 1971 వరకు పంటలంటూ క్లో సాంద్నీ అనే వైన్ సీసాలు 2008లో వేలానికి వచ్చాయి. ఆ తోట ఆ వైన్ మొదలుపెట్టిందే 1980ల్లో. తోట చరిత్ర ఒక్కసారి తిరగేస్తే పట్టుబడే మోసం అది. చెక్కపెట్టె, అసలు రసీదు, గోదాము రికార్డు మూడూ అడగండి.

లాభం లెక్క వేసేటప్పుడు ఖర్చులు తీసేయాలి. 1,000 యూరోలకు కొన్న పెట్టె పదేళ్లకు 1,400 పలికిందనుకుందాం. నిల్వ, బీమా ఏడాదికి 15 చొప్పున 150, అమ్మకం కమిషన్ పది శాతం 140 పోతే మిగిలేది 110. అందుకే చవకైన పెట్టె దాచి లాభం లేదు, దాని నిల్వ ఖర్చే దాన్ని తినేస్తుంది. బీమా కూడా కొన్న ధరకు కాక ఇప్పటి ధరకు ఉండాలి, ఏటా సరిచూసుకోవాలి.

పెట్టె తెరవకండి, విడి సీసాలకు ధర తగ్గుతుంది. తాగాలనుంటే అదే వైన్ మరో పెట్టె కొనుక్కోండి. అమ్మేది తాగే కాలం, అంటే వైన్ రుచి బాగుండే ఏళ్ల మధ్యలో ఉండగానే: ఆ దశ దాటాక కొనేవారు పలచబడతారు.