చందవరం కొండకు నడిచి వెళ్లాలనుకునేవాళ్లకు

మా నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. నేను పుట్టి పెరిగింది దొనకొండ క్వార్టర్స్‌లోనే. చందవరం బౌద్ధ స్తూపానికి ఎలా వెళ్లాలని ఎవరు అడిగినా నేను ఒకటే చెబుతాను. గుంటూరు–నంద్యాల లైన్‌లో దొనకొండ స్టేషన్‌లో దిగండి, అక్కడి నుంచి నడవండి. సుమారు పది కిలోమీటర్లు. ఆగి ఆగి నడిచినా మూడు గంటల్లో చేరతారు. కాశీ నుంచి కంచికి పోయే భిక్షువులకు చందవరం మజిలీ అని మా వైపు చెబుతారు. వాళ్లూ కాళ్ల మీద వచ్చినవాళ్లే.

ముందుగా ఒక జాగ్రత్త. ఈ స్తూపం ఉన్న కొండను కూడా సింగరకొండ అనే అంటారు. మా పిన్ని ఒంగోలు బస్టాండులో "సింగరకొండ" అని అడిగితే అద్దంకి వైపు బస్సు ఎక్కించారు. అక్కడ ప్రసన్నాంజనేయస్వామి దర్శనంతోనే ఆ రోజు గడిచిపోయింది. మీరు మాత్రం "దొనకొండ దగ్గర చందవరం" అని అడగండి.

కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఒకసారి బుద్ధ పూర్ణిమకే వెళ్లాలని పట్టుబట్టి వైశాఖంలో బయలుదేరాం. పదింటికల్లా మా మేనల్లుడికి కళ్లు తిరిగాయి. దారిలో ఒక ఇంటివాళ్లు అరుగు మీద పడుకోబెట్టి ఉప్పు మజ్జిగ తాగిస్తే తేరుకున్నాడు. అప్పటి నుంచి చలికాలంలోనే, అదీ తెల్లవారకముందే బయలుదేరుతున్నాం. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పులిహోర, ఒక టవల్ ఉంటే చాలు. కొండ మీద నీళ్లు దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. సర్కారు కంప ముళ్లు పల్చటి చెప్పుల్లోంచి దిగబడతాయి, మందపాటి అడుగున్నవి వేసుకోండి.

పైకి ఎక్కగానే స్తూపం దగ్గరికి పరుగెత్తకండి. వెనక్కి తిరిగి గుండ్లకమ్మను చూడండి. నల్లమలలో పుట్టి మన ప్రకాశం జిల్లా మీదుగా సముద్రానికి పోయే ఏరు అది. భిక్షువులు వానాకాలం మూడు నెలలు తిరగకుండా ఒకేచోట ఉండాలి. తాగడానికి నీళ్లు, భిక్షకు ఊళ్లు దగ్గరలో ఉండాలి, వరద మాత్రం అందకూడదు. కొండ అంచున నిలబడి చూస్తే ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో నాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

తర్వాత ప్రదక్షిణ. స్తూపం మీ కుడిచేతి వైపు ఉండాలి. మొదటి చుట్టు దూరం నుంచే తిరగండి, మహాస్తూపం రెండు అంతస్తులుగా లేచిన తీరు అలాగైతేనే కనబడుతుంది. చుట్టూ ఉన్న చిన్న స్తూపాల్లో కొన్ని యాత్రికులు మొక్కుగా కట్టించుకున్నవి. శాతవాహనుల కాలంలో మనలాంటి వాళ్లు మొక్కు తీర్చుకున్న గుర్తులవి. నేను ఎక్కువసేపు ఉండేది అక్కడే.

ఇక బొమ్మలు చెక్కిన సున్నపురాయి పలకలు. వీటిని నిలబడి చూడకండి, కింద కూర్చుని చూడండి. పొద్దున ఏటవాలుగా ఎండ పడే వేళ గీతలు బాగా తేలతాయి. బుద్ధుడి రూపం కోసం వెతికి, లేదని నిరాశపడే వాళ్లను చూశాను. ఆ పాత శిల్పులు ఆయన్ని తరచుగా బోధివృక్షంగా, స్తూపంగా, పాదాలుగా చూపించారు. చెట్టు కనబడితే ఆయన ఉన్నట్టే.

ఈ చోటును 1964లో పురావస్తు శాస్త్రవేత్త వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు గుర్తించారు. 1972 నుంచి 1977 దాకా తవ్వకాలు జరిగాయి. తవ్వి తీసినవాటిని మనం కాపాడుకోలేకపోయాం. ఇక్కడి నుంచి దొంగలెత్తుకుపోయిన శిల్పం ఒకటి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. 2016లో వాళ్లు దాన్ని మన దేశానికి తిరిగి ఇచ్చారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది.

అందుకే స్తూపం మీదికి ఎక్కకండి, ఫోటో కోసం కూడా వద్దు. దిగే ముందు పిల్లల జేబులు చూడండి. మా మేనల్లుడి జేబులో ఇటుక ముక్క దొరికింది. "చిన్నదే కదా అత్తా" అన్నాడు. అప్పటికి సగం కొండ దిగాం. మళ్లీ పైకి తీసుకెళ్లి, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టించాను.