చెలకల్లో పుట్టకొక్కులు: తుంచకండి, తవ్వండి

మిరుగు వానలకు నేల నాని ఉక్కపోసినాక నల్గొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో చెదపుట్టల చుట్టూ పుట్టకొక్కులు (తినే పుట్టగొడుగులు) లేస్తాయి. పొద్దున్నే పోవాలి, ఆలస్యమైతే పురుగు పడుతుంది. ఎన్నో ఏళ్లుగా ఏరే పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి.

చిన్న గునపంతో కాడ పక్కన జానెడు లోతు తవ్వండి. అసలు పుట్టకొక్కు కాడ వేరులా సాగి చెదల గూటి వైపు దిగుతుంది. గొడుగు నడుమ మొనదేలి ఉంటుంది. కాడ అడుగున గుడ్డు పెంకులాంటి సంచి కనిపిస్తే ముట్టొద్దు. అది కాలేయాన్ని చంపే అమానిటా అనే విషపు పుట్టగొడుగు కావచ్చు. పైపైన తుంచితే ఆ సంచి మట్టిలోనే ఉండిపోతుంది, పొరపాటు జరిగేది అక్కడే.

పెంటకుప్పల మీద, గడ్డిలో లేచి, కాడకు ఉంగరం, గొడుగు మీద గోధుమరంగు పొలుసులు ఉన్నవీ వద్దు. గొడుగును తెల్ల కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. పచ్చపొడి రాలితే పారేయండి. వేరే రంగు రాలినంత మాత్రాన మంచిదని కాదు.

వండేటప్పుడు వేసిన వెండి ఉంగరం నల్లబడలేదనో, పురుగు తిన్నదనో మంచిదని నమ్మితే ప్రాణానికే ముప్పు. ఉడికించినా అమానిటా విషం పోదు. తిన్న 6 నుంచి 12 గంటలకు వాంతులు, విరేచనాలు మొదలై, మర్నాడు తగ్గినట్టే అనిపిస్తుంది. లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. మిగిలిన ముక్క పట్టుకుని వెంటనే దవాఖానకు పోండి.