చిన్నాయన అంగడి కంప్యూటర్‌ను కడప నుంచి నడిపే ప్రోగ్రామ్ ఎలా రాసుకోవాలి

మా చిన్నాయనకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉంది. నేనుండేది కడపలో. బిల్లింగ్ కంప్యూటర్ మొరాయిస్తే చాలు, ఫోన్ వస్తుంది: "అబ్బీ, ఏదో ఇంగ్లీషులో అడుగుతాంది, ఏం నొక్కమంటావు?" అక్కడ కౌంటర్ ముందు జనం, ఇక్కడ నాకు టెన్షన్. స్క్రీన్ చూపించే యాప్ వేయించి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాల గురించి విన్నాక, ముక్కూమొహం తెలియని యాప్ వేయనని ఆయన తేల్చి చెప్పాడు. దాంతో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నేనే రాశాను. మీరూ రాసుకోవచ్చు.

ప్రోగ్రాములు రెండు కావాలి. అంగడిలో ఉండేది స్క్రీన్ ఫొటో తీసి పంపుతుంది. నా దగ్గరిది ఆ ఫొటో చూపించి, నా క్లిక్కులు, కీలు తిరిగి పంపుతుంది. ఫొటోకు పిల్లో, మౌస్‌కు, కీలకు పైన్‌పుట్ అనే లైబ్రరీలు (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్) చాలు.

ఫొటోను ఉన్నదున్నట్టు పంపకండి. 1366 × 768 స్క్రీన్‌లో పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున ఒక్క ఫొటోకే 31,47,264 బైట్లు, అంటే దాదాపు 3 ఎంబీ. జేపెగ్‌గా మార్చి క్వాలిటీ 50 పెడితే బాగా తగ్గిపోతుంది, అక్షరాలు కూడా చదవడానికి వస్తాయి. స్క్రీన్ మారకపోతే అసలు పంపనే వద్దు.

నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వనిది సాకెట్, అంటే రెండు ప్రోగ్రాములు నెట్‌వర్క్‌లో మాట్లాడుకునే దారి. ఒకే కంప్యూటర్‌లో రెండు ప్రోగ్రాములూ నడిపితే బాగానే ఉంది. వైఫైలో పెట్టగానే ఫొటో సగంలో తెగిపోయింది. ఆ దారిలో బైట్లను చేరవేసే టీసీపీ అనే పద్ధతికి ఫొటో ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. కాలువలో నీళ్ళలా బైట్లు వరసగా వస్తుంటాయి, అంతే. వచ్చిన బైట్లు చదివే రిసీవ్ అనే ఫంక్షన్‌ను ఒకసారి పిలిస్తే అప్పటికి వచ్చినంతే ఇస్తుంది. అందుకే ప్రతి ఫొటోకు ముందు దాని పొడవును 4 బైట్లలో పంపండి. అవతల ముందు ఆ 4 బైట్లు చదివి, అన్ని బైట్లూ చేతికొచ్చేదాకా లూప్‌లో రిసీవ్ పిలుస్తూ ఉండండి. క్లిక్కులు పంపేటప్పుడూ ఇదే పద్ధతి.

తర్వాతి చిక్కు మౌస్‌ది. నేను "ప్రింట్" మీద నొక్కితే అక్కడ కిందికి, కుడికి జరిగి ఇంకో బటన్ మీద పడింది. అది బిల్లు చెరిపేసే బటన్ అయ్యుంటే? కారణమేమంటే, చిన్నాయనకు అక్షరాలు పెద్దగా కనిపించాలని విండోస్‌లో స్కేలింగ్ 125 శాతం పెట్టుకున్నాడు. ఫొటో అసలు పిక్సెళ్ళలో వస్తోంది, మౌస్‌ను విండోస్ స్కేలింగ్ లెక్కలో కదుపుతోంది. 800, 500 దగ్గర పెట్టమంటే 1000, 625 దగ్గర పెడుతోంది. ప్రోగ్రామ్ మొదట్లోనే సెట్‌ప్రాసెస్‌డీపీఐఅవేర్‌నెస్ అనే విండోస్ ఫంక్షన్‌ను 2 ఇచ్చి పిలిస్తే రెండు లెక్కలూ కలుస్తాయి. ఇంకొకటి, క్లిక్‌ను పిక్సెళ్ళలో కాకుండా వెడల్పులో ఎంత భాగం, ఎత్తులో ఎంత భాగం అని పంపండి. మీ విండో చిన్నదైనా పెద్దదైనా క్లిక్ సరైన చోటే పడుతుంది.

ఇక ఊరు దాటించడం. మా ఇంటి ఇంటర్నెట్‌కు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరుకునే చిరునామా, లేదు. కాబట్టి రూటర్‌లో పోర్ట్ (బయటి నుంచి లోపలికి వచ్చే తలుపు లాంటిది) తెరిచినా లాభం లేదు. ఉన్నా తెరవకండి, ఎవరెవరో వచ్చి తలుపు తడతారు. చిన్న క్లౌడ్ సర్వర్ (ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే కంప్యూటర్) తీసుకుని, కంప్యూటర్లను ప్రైవేటు దారిలో కలిపే వైర్‌గార్డ్ అనే ప్రోగ్రామ్ పెట్టి, రెండు కంప్యూటర్లనూ దానికి కలిపాను. దారిలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్షన్ కూడా అదే చూసుకుంటుంది.

ఒక్కటి మాత్రం దయచేసి వదిలేయకండి. ప్రోగ్రామ్ దానంతటది మొదలు కాకూడదు. చిన్నాయన ఐకాన్ నొక్కి, "చూపించు" అన్న బటన్ నొక్కితేనే నాకు కనిపిస్తుంది. నేను చూస్తున్నంతసేపూ పైన ఎర్ర పట్టీ ఉంటుంది, దాన్ని నొక్కితే కనెక్షన్ తెగిపోతుంది. అంగడి ఆయనది, లెక్కలు ఆయనవి.

విండోస్ అనుమతి అడిగే పెట్టె వచ్చినప్పుడు మామూలు ప్రోగ్రామ్‌కు ఫొటో అందదు, ఎర్రర్ వస్తుంది. దాన్ని పట్టుకుని, ప్రోగ్రామ్ ఆగిపోకుండా పాత ఫొటోనే ఉంచండి. అప్పుడు నేను ఫోన్ తీసి, "చిన్నాయనా, పెట్టెలో ఏ ప్రోగ్రామ్ పేరుందో చదువు" అంటాను. ఆయన చదివాక, సరైనదైతే, ఎస్ ఆయనే నొక్కుతాడు.