ఎండాకాలంలో వండిన అన్నం, కూర పాడవకుండా

ఎండలు ముదిరాయంటే వంటింట్లో నేను ఎక్కువగా చూసేది గడియారాన్నే. వండినదాన్ని బయట 2 గంటలకు మించి ఉంచకూడదన్నది మామూలు రోజుల లెక్క. గదిలో వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక్క గంటే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా చకచకా పెరుగుతుంది. వేసవిలో పొయ్యి మీద నుంచి దించిన గిన్నె ఆ వేడిలోనే చాలాసేపు ఉండిపోతుంది.

"వాసన చూశాను, బాగానే ఉంది" అంటే నేను ఒప్పుకోను. జబ్బు చేసే క్రిములు చాలాసార్లు వాసననీ రుచినీ ఏమాత్రం మార్చవు.

అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే అవి మొలకెత్తి, పెరిగి, విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే "తినేముందు బాగా వెచ్చబెడతాలే" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఒకసారి పెద్ద గిన్నె నిండా అన్నం మిగిలితే మూతపెట్టి అలాగే వదిలేశాను. గంటన్నర తర్వాత పైన తాకితే చల్లగానే ఉంది. గరిటె మధ్యలోకి దింపి పెళ్లగించేసరికి గుప్పున ఆవిరి వచ్చింది. అదంతా పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. అప్పటి నుంచి మిగిలిన అన్నాన్ని వెంటనే వెడల్పాటి పళ్లెంలో రెండు అంగుళాలకు మించని మందంలో పరిచేస్తున్నాను. కూరైతే చిన్న గిన్నెల్లోకి సర్ది, ఐసు వేసిన నీళ్ల బేసిన్‌లో పెట్టి కలుపుతూ ఉంటే తొందరగా చల్లారుతుంది.

పూర్తిగా చల్లబడేదాకా ఆగక్కర్లేదు, పొగలు తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొగలు కక్కే పెద్ద గిన్నెను మాత్రం పెట్టకండి, పక్కనున్నవన్నీ వేడెక్కుతాయి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉండాలి. గాలి ఆడనంతగా గిన్నెలు కుక్కితే చల్లదనం మీటను ఎంత తిప్పినా ఆ చల్లదనం రాదు. పచ్చి మాంసం మూత ఉన్న డబ్బాలో, అన్నిటికంటే కింది అరలో ఉండాలి. గడ్డకట్టిన మాంసాన్ని గట్టు మీద వదిలేయకండి, ముందురోజు రాత్రే డీప్ ఫ్రీజర్‌లోంచి తీసి కింద ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

కరెంటు పోతే తలుపు తీయకండి. తీయకుండా ఉంటే ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగమే నిండినదైతే 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటాయి. లోపల ఏముందో చూద్దామని పదే పదే తీస్తే ఈ లెక్కలేవీ పనిచేయవు.

వెచ్చబెట్టేటప్పుడు ఆ పూటకు కావలసినంతే తీసుకోండి. పులుసున్న కూర కుతకుతలాడాలి, మిగతావి మధ్యలో కూడా 74 డిగ్రీలకు చేరాలి. మైక్రోవేవ్‌లో అంచులు కాలిపోతున్నా మధ్యలో చల్లగా ఉండిపోతుంది, ఒకసారి ఆపి కలిపి మళ్లీ పెట్టండి. వెచ్చబెట్టింది మిగిలితే తిరిగి ఫ్రిజ్‌లోకి వద్దు. ఫ్రిజ్‌లో కూరలు మహా అయితే 3, 4 రోజులు. అన్నాన్ని మాత్రం నేను ఒక్క రోజు దాటనివ్వను. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవయసు వాళ్లు ఉంటే ఎప్పుడు వండిందో గుర్తులేని డబ్బాను అసలు తెరవకుండానే పారేయండి.