పఫ్‌కి సాయంత్రం, బిల్లుకి కళ్లజోడు

కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లకి ఒక మాట. బేకరీకి వెళ్లి ఎగ్ పఫ్ కనబడగానే కొనెయ్యకండి, ట్రే ఎన్నింటికి దిగుతుందో కౌంటర్లో అన్నని అడిగి ఆ టైముకే వెళ్లండి, పొరలు కరకరలాడుతూ ఉంటాయి. చల్లారినదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టిస్తామంటే మాత్రం వద్దనండి, లోపలి తేమ పైకొచ్చి మైదా పొర రబ్బరులా సాగుతుంది. ఓవెన్ అయితే పర్లేదు.

నెలాఖరులో బిర్యానీ కన్నా సుబ్బయ్య గారి హోటల్ భోజనం నయం, రాత్రి దాకా ఆకలి వెయ్యదు (పొద్దున్న టిఫిన్ మానేసి వెళ్లాలి, అది వేరే సంగతి).

ఏసీ రెస్టారెంట్లో గ్యాంగుతో తింటే బిల్లు చూడండి. 5 శాతం జీఎస్టీ కట్టాల్సిందే, సర్వీస్ ఛార్జ్ మాత్రం తప్పనిసరి కాదని కేంద్రం 2022లోనే చెప్పింది. మొహమాటపడకుండా తీసెయ్యమని అడగండి.